చార, కట్లు, సంకరం: కింగ్‌స్నేక్‌ల వర్ణభేదాల గుర్తింపు - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉత్తర అమెరికాకు చెందిన కింగ్‌స్నేక్ అనే విషరహిత సర్పం ఒంటిమీది రంగులూ గుర్తులూ దాని జాతినిర్ణయంలో ఎంతవరకు ప్రమాణాలు కాగలవన్నది ఈ వ్యాసంలో ప్రధాన విషయం. చార ఉన్న పామూ కట్లున్న పామూ ఎనిమిది దశాబ్దాలకు పైగా రెండు వేర్వేరు పేర్లతో చెలామణి కావడం, ఒకే తల్లి గుడ్లు ఆ చిక్కును విప్పడం, ఆ తరువాత పెంపకందారుల చేతుల్లో పుట్టిన సంకరాలు గుర్తింపును మళ్లీ క్లిష్టం చేయడం ఇందులో చర్చకు వస్తాయి. పాము ఒంటికంటె దాని పుట్టుకకు సంబంధించిన ఆధారమే బలమైనదని వ్యాసకర్త అభిప్రాయం.

కీలకపదాలు: కింగ్‌స్నేక్, వర్ణభేదం, ద్విరూపత, సంకరం, క్లాబర్, గ్రాన్ కనేరియా.

1. ఉపోద్ఘాతం

తెలుగువారు చాలా పాములను ఒంటి రంగునుబట్టి, ఒంటిమీది గుర్తులనుబట్టి పిలుస్తారు. నల్లత్రాచు, గోధుమత్రాచు, కట్లపాము, పసిరికపాము - ఈ పేర్లన్నిటిలోనూ కన్ను చూసినదే మాటగా మారింది. విశాఖపట్నంలో ఉండి ఈ తీరపు పాములను సేకరించిన పాట్రిక్ రస్సెల్ తన గ్రంథాన్ని 1796లో లండన్‌లో ప్రచురించినప్పుడు, స్థానికులు చెప్పిన పేర్లను వీలైనంతవరకు అలాగే నమోదు చేశాడు. పసుపు, నలుపు కట్లున్న పాముకు ఆయన విన్న పేరు 'బంగారు పాము'. ఆ మాటే కొద్ది సంవత్సరాలకు ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాఁ చేతిలో 'బంగారస్' అనే ప్రజాతి నామమైంది. నేటికీ ప్రపంచంలోని కట్లపాములన్నీ ఆ తెలుగు మాట కిందనే ఉన్నాయి. శాస్త్రం కూడా మొదట రంగు దగ్గరే ఆగిందనడానికి మనకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

అయితే రంగు పేరు పెట్టడానికి పనికివచ్చినంతగా జాతిని నిర్ణయించడానికి పనికివస్తుందా? నల్లత్రాచు, గోధుమత్రాచు రెండూ ఒకే నాగుపాము జాతికి చెందినవని ఇప్పుడు మనకు తెలుసు. పల్లెలో మాత్రం ఒకదాని స్వభావం వేరు, ఇంకొకదాని పౌరుషం వేరు అని చెప్పేవారు ఇంకా ఉన్నారు. ఇదే ప్రశ్న కాలిఫోర్నియాలో శాస్త్రవేత్తలను ఎంతకాలం తికమక పెట్టిందో చూస్తే మన పల్లెవాసులను తప్పుపట్టలేం.

ఇక్కడ ఒక పదవివరణ అవసరం. కింగ్‌స్నేక్‌ను 'రాజనాగం' అని అనువదిస్తే ఉత్తరాంధ్ర కొండప్రాంతాల గిరినాగుతో, అంటే కింగ్ కోబ్రాతో, పొరపాటు పడే ప్రమాదం ఉంది. రెండూ ఇతర సర్పాలను తినేవే, ఆ 'రాజ' శబ్దం రెంటికీ అందువల్లనే దక్కింది. కాని గిరినాగు ప్రాణాంతకమైన విషసర్పం. కింగ్‌స్నేక్‌కు విషం లేదు, అది ఆహారాన్ని చుట్టుకొని బిగించి చంపుతుంది. ఎలుకలను, బల్లులను, పక్షిగుడ్లను తింటుంది, రాటిల్ పామును సైతం తింటుంది, ఆ పాము విషాన్ని చాలావరకు తట్టుకోగలదు. సాధుస్వభావం, నిగనిగలాడే ఒళ్లు, చిన్నచోట ఒదిగే అలవాటు కారణంగా అమెరికాలోను యూరపులోను అది పెంపుడు పాముగా ఇళ్లకు చేరింది. దాని ప్రజాతి నామమైన 'లాంప్రోపెల్టిస్'కు గ్రీకులో మెరిసే డాలు అని అర్థం. 1843లో ఫిట్జింగర్ పెట్టిన ఆ పేరు కూడా ఒంటి మెరుపునుబట్టి వచ్చినదే. ఈ వ్యాసంలో 'కింగ్‌స్నేక్' అనే మాటనే వాడుతున్నాను. తల నుంచి తోక వరకు వీపు పొడవునా సాగే గీతకు 'చార' అని, ఒంటిని అడ్డంగా చుట్టే వలయాలకు 'కట్లు' అని వ్యవహరిస్తున్నాను.

2. ఒక పాము, రెండు పేర్లు

ఈ కథ ఒక వైద్యుడితో మొదలవుతుంది. ఇటలీలో పుట్టిన పాల్-ఎమీల్ బొట్టా 1827-28 ప్రాంతంలో ఒక ఫ్రెంచి వాణిజ్యనౌకలో వైద్యుడిగా కాలిఫోర్నియా తీరానికి వెళ్లాడు. అక్కడి పక్షులను, సరీసృపాలను సేకరించి పారిస్‌కు తెచ్చాడు. తరువాతి కాలంలో మెసొపొటేమియాలోని ఖోర్సాబాద్ దిబ్బలను తవ్వించి అస్సీరియా రాజప్రాసాదాన్ని వెలికితీసినవాడూ ఈయనే. చరిత్ర విద్యార్థులకు తెలిసిన బొట్టా, సర్పశాస్త్రానికి తెలిసిన బొట్టా ఒక్కరేనని చాలామంది గమనించరు. ఆయన తెచ్చిన నమూనాలను పరిశీలించిన ద బ్లాంవీల్ 1835లో కాలిఫోర్నియా పాముకు 'కాలిఫోర్నియే' అనే పేరు పెట్టాడు. ఆ పేరు కాలక్రమంలో చారపాముకు స్థిరపడింది.

మరో పద్దెనిమిది సంవత్సరాలకు, బంగారు గనుల వేట ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, ఎల్ డొరాడో కౌంటీ నుంచి బాయిల్ అనే వైద్యుడు పంపిన పాము స్మిత్‌సోనియన్ సంస్థకు చేరింది. దాని ఒంటిమీద చార లేదు, నలుపు తెలుపు కట్లున్నాయి. బెయిర్డ్, జిరార్ 1853లో తమ జాబితాలో దానికి 'బాయిలీ' అనే కొత్త పేరు పెట్టారు. వారి చేతిలో ఉన్న ఆధారాలనుబట్టి చూస్తే అందులో తప్పేమీ లేదు. పక్కపక్కన పెడితే రెండూ ఒకే జాతి అని అనుకోవడానికి కన్ను ఒప్పుకోదు. ఒకటి మెడ నుంచి తోకదాకా గీసిన గీత, మరొకటి ఉంగరాల వరుస.

ఆ తరువాత పేర్లు పెరుగుతూ పోయాయి. బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం నుంచి, కొలరాడో నది దిగువ ప్రాంతం నుంచి వచ్చిన పాములకు వేర్వేరు నామాలు చేరాయి. 1921లో ఫ్రాంక్ బ్లాంచర్డ్ ఈ ప్రజాతి మొత్తాన్ని పునఃపరిశీలించి ఒక విస్తృతమైన గ్రంథం వెలువరించాడు. పొలుసుల లెక్కలు, దంతాల లెక్కలు, తోక నిష్పత్తులు, కట్ల సంఖ్యలు అన్నీ అందులో ఉన్నాయి. అంత శ్రమ తరువాత కూడా చారపాము, కట్లున్న పాము విడివిడి పద్దుల్లోనే మిగిలాయి. బ్లాంచర్డ్ కృషిని తక్కువచేసే ఉద్దేశం నాకు లేదు. ఆయన ముందున్నవి చాలావరకు సీసాల్లోని పాములు. సీసాలోని పాముకు తల్లి ఎవరో తెలియదు.

3. గుడ్లు చెప్పిన సాక్ష్యం

లారెన్స్ క్లాబర్ (1883-1968) వృత్తిరీత్యా విద్యుత్ ఇంజనీరు. శాన్ డియెగో నగరపు గ్యాసు, విద్యుత్ సంస్థలో పనిచేసి దాని అధ్యక్షపదవి వరకు ఎదిగాడు. పాములు ఆయనకు తీరికవేళల వ్యాసంగం. ఆ తీరికవేళల్లోనే శాన్ డియెగో జంతుప్రదర్శనశాల సరీసృపాల విభాగానికి సలహాదారుగా ఉన్నాడు, 1956లో రాటిల్ పాములపై రెండు సంపుటాల మహాగ్రంథం రాశాడు. విద్యాసంస్థలకు వెలుపల ఉండి విద్యాసంస్థలు చేయవలసిన పని చేసినవారు మన భాషలోనూ ఉన్నారు కనుక ఆయన జీవితం మనకు కొత్తగా అనిపించదు.

క్లాబర్‌కు ఒక అనుకూలత ఉంది. చారపాములు ఎక్కువగా కనిపించే ప్రాంతం దక్షిణ కాలిఫోర్నియా తీరం, ముఖ్యంగా ఆయన నివసించిన శాన్ డియెగో పరిసరాలు. ఈ పాము విస్తరించిన మిగతా ప్రాంతంలో అత్యధికభాగం కట్లున్నవాటిదే. శాన్ డియెగోలో రెండూ ఒకే కొండవాలులో, ఒకే తుప్పల్లో దొరికేవి. రెండూ కానివి కూడా దొరికేవి. కొంతదూరం చారగా సాగి, తరువాత తెగి, చుక్కలుగా విరిగి, తోక దగ్గర కట్లుగా మారిన పాములు. ఇవి సంకరాలా? రెండు జాతులు ఒకేచోట నివసిస్తూ అప్పుడప్పుడు కలుస్తున్నాయని చెప్పడం ఆనాటికి సహజమైన సమాధానమే.

ఆ ప్రశ్నకు ఆయన సమాధానం వెదికిన చోటు గర్భంతో ఉన్న ఆడపాముల గుడ్లు. ఒకే తల్లి ఒకే విడతలో పెట్టిన గుడ్లను పొదిగించి, పిల్లల ఒంటిమీది గుర్తులను ఒక్కొక్కటిగా నమోదు చేశాడు. ఒకే విడత గుడ్లలో నుంచి చారపిల్లలూ కట్లపిల్లలూ కలిసి బయటికి వచ్చాయి. 1936లో మొదటి వ్యాసం వెలువడింది. శీర్షికలోనే ఇది ద్విరూపతకు ఉదాహరణ అని చెప్పాడు. 1939లో మరిన్ని ఆధారాలతో శాన్ డియెగో జంతుశాస్త్ర సంఘం సంచికలో విస్తృతమైన వ్యాసం వచ్చింది. 1944లో మరోసారి దానికే తిరిగి వచ్చాడు. ఒక్క అంశాన్ని ఎనిమిదేళ్లపాటు వదలకుండా పట్టుకోవడం గమనించదగినది. ఈనాటి పరిశోధకులకు అంత వెసులుబాటు తక్కువ.

ఫలితంగా రెండు పేర్లలో ఒకటి పోవలసివచ్చింది. నామకరణ నియమం ప్రకారం ముందుపుట్టిన పేరుకే హక్కు కనుక 1835 నాటి 'కాలిఫోర్నియే' నిలిచింది, 'బాయిలీ' తప్పుకుంది. సంఖ్యలో చాలా ఎక్కువగా ఉన్న కట్లున్న పాము, అరుదైన చారపాముతో ముడిపడిన పేరు కిందికి చేరడం ఇందులోని చమత్కారం. 1981లో రిచర్డ్ జ్వైఫెల్ పెంపకపు పాముల సంతతిని పరిశీలించి ఈ గుర్తుల అనువంశికతను వివరించడంతో క్లాబర్ నిర్ణయానికి జన్యుశాస్త్రపు అండ కూడా దొరికింది.

క్లాబర్ కొత్త కొలత ఏదీ కనిపెట్టలేదన్నది ఇక్కడ నాకు ముఖ్యంగా తోచే విషయం. పాము ఒంటిని ఇంకా సూక్ష్మంగా చూసి ఆయన ఈ నిర్ణయానికి రాలేదు. ఏ పిల్ల ఏ తల్లిది అన్న వివరాన్ని రాసిపెట్టాడు. తాళపత్ర ప్రతులతో పనిచేసేవారికి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. రెండు ప్రతుల్లో పాఠాలు ఎంత వేరుగా కనిపించినా, రెండూ ఒకే మాతృకనుంచి ఎత్తి రాసినవని గద్యలోనో లేఖకుడి చివరి వాక్యంలోనో తెలిస్తే, పరిష్కర్త లెక్క మొత్తం మారిపోతుంది.

4. ప్రకృతిలో కలిసే చోట్లు

కాలిఫోర్నియా చిక్కు అంత శుభ్రంగా విడిపోయిందని అన్ని చిక్కులూ అలాగే విడిపోవు. ఫ్లోరిడా రాష్ట్రపు వాయవ్యభాగంలో అపలాచికోలా నది పల్లపు భూముల్లో ఉండే కింగ్‌స్నేక్‌లు ఇందుకు ఉదాహరణ. చుట్టుపక్కల ప్రాంతాల్లో ఈ పాము నల్లటి ఒంటిపై సన్నని గొలుసుకట్లతో ఉంటుంది. ఈ పల్లపు భూముల్లో మాత్రం లేతరంగు ఒళ్లు, వెడల్పాటి కట్లు, కొన్నిటికి చార, కొన్నిటికి ఏ గుర్తూ లేని ఒకే రంగు. 1949లో నీల్, ఆలెన్ దీనిని 'గోయినీ' అనే ఉపజాతిగా వర్ణించారు. 1977లో బ్లేనీ ఆ పేరును తోసిపుచ్చి, రెండు ఉపజాతులు కలిసినచోట ఏర్పడిన మిశ్రరూపంగా దీనిని వివరించాడు. 2006లో క్రిస్కో, జడ్ మళ్లీ పరిశీలించి ఇది ప్రత్యేకమైన ఉపజాతేనని 'మీన్సీ' అనే కొత్త పేరు ఇచ్చారు. 2009లో పైరాన్, బర్‌బ్రింక్ ఈ కింగ్‌స్నేక్ సముదాయం మొత్తాన్ని జన్యుసాక్ష్యంతో అయిదు జాతులుగా విభజించినప్పుడు, రంగును ఆధారం చేసుకున్న పాత ఉపజాతులను పక్కనబెట్టారు. ఆ విభజనలోనే కాలిఫోర్నియా పాముకు ప్రత్యేక జాతిహోదా తిరిగి దక్కింది.

ఒకే పాము అరవై సంవత్సరాల్లో ఉపజాతి అయింది, మిశ్రమం అయింది, మళ్లీ ఉపజాతి అయింది. ఒంటిమీది గుర్తులు ఒక్క పొల్లు కూడా మారలేదు. మారినది వాటిని చదివే తీరు.

5. పెంపకపు పెట్టెలో సంకరాలు

ఇంతవరకు చెప్పినదంతా అడవిలో పట్టిన పాముల సంగతి. పెంపకం ప్రవేశించాక సమస్య స్వరూపమే మారింది. హెచ్. బెర్నార్డ్ బెక్టెల్ జార్జియా రాష్ట్రంలో చర్మవ్యాధుల వైద్యుడు. మనుషుల చర్మవర్ణాన్ని చూసే వృత్తి ఆయనను పాముల వర్ణలోపాల వైపు మళ్లించి ఉంటుందని ఊహించడం కష్టం కాదు. అల్బినో కార్న్‌స్నేక్‌ను మామూలు రంగు పాముతో జతకలిపితే తొలితరం పిల్లలన్నీ మామూలు రంగులోనే పుట్టాయి, తరువాతి తరంలో అల్బినోలు తిరిగి కనిపించాయి. మెండెల్ బఠాణీల్లో చూసిన అంతర్గత లక్షణం పాముల్లోనూ అదే పద్ధతిలో నడుస్తుందని 1962లో వెలువడిన ఆ వ్యాసం చూపింది. ఆయన 1995లో సరీసృపాల, ఉభయచరాల వర్ణభేదాలపై ఒక పూర్తి గ్రంథం ప్రచురించాడు.

ఈ జ్ఞానం పెంపకందారులకు చేరగానే రంగు ఒక సరుకైంది. అల్బినో, లావెండర్, బనానా, మొజాయిక్ వంటి వాణిజ్యనామాలు కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌కు తగులుకున్నాయి. ఇవి జాతినామాలు కావు, రంగుల పేర్లు. అల్బినో అనే ఒక్క మాట వెనక కూడా ఒకటికి మించిన జన్యువులు ఉండవచ్చు. అల్బినోలుగా కనిపించే రెండు పాములను జతకలిపినప్పుడు మామూలు రంగు పిల్లలు పుట్టే సందర్భాలున్నాయి. కంటికి ఒకటిగా కనిపించిన లక్షణం లోపల రెండన్నమాట. క్లాబర్ చూసినదానికి ఇది సరిగ్గా అద్దంలో ప్రతిబింబం.

ఆపైన సంకరాలు. కింగ్‌స్నేక్‌ను కార్న్‌స్నేక్‌తో కలిపితే పుట్టినదానికి 'జంగిల్ కార్న్' అని పేరు. ఇవి రెండు జాతులే కాదు, రెండు ప్రజాతులు. అయినా పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకూ పిల్లలు పుడతాయి. కంచరగాడిదలాగ కథ ఒక తరంతో ముగియదు. ఉత్తర అమెరికా కింగ్‌స్నేక్‌లు, ర్యాట్‌స్నేక్‌లు దగ్గరి చుట్టాలు కావడమే ఇందుకు కారణం. కింగ్‌స్నేక్‌కు సాటి పాములను తినే అలవాటు ఉండటంతో జత కలపడంలో ఒకటి మరొకదానికి ఆహారమయ్యే ప్రమాదం కూడా ఉంది. అడవిలో ఇటువంటి కలయికలు అరుదుగా ఉండటానికి అదొక కారణం కావచ్చు.

తెలుగునాట దీనికి సరిగ్గా విరుద్ధమైన పరిస్థితి ఉండటం ఆసక్తికరం. జెర్రిపోతు నాగుపాముతో జతకడుతుందనే నమ్మకం మన పల్లెల్లో బలంగా ఉంది. రెండు పాములు నిలువెత్తున పెనవేసుకొని కనిపిస్తే 'నాగుపాము, జెర్రిపోతు సయ్యాట' అంటూ వార్తలూ వస్తాయి. చాలా సందర్భాల్లో అవి బలం తేల్చుకుంటున్న రెండు మగ జెర్రిపోతులే. నాగుపాము, జెర్రిపోతు వేర్వేరు కుటుంబాలకు చెందినవి, వాటి మధ్య సంతానం కలగదు. ఇక్కడ లేని సంకరాన్ని జనం చూస్తున్నారు. అక్కడ ఉన్న సంకరాన్ని కొనుగోలుదారు చూడలేకపోతున్నాడు.

చూడలేకపోవడానికి కారణం ఉంది. జంగిల్ కార్న్‌ను తిరిగి కార్న్‌స్నేక్‌తోను, దాని పిల్లలను మళ్లీ కార్న్‌స్నేక్‌తోను కలుపుతూ పోతే కొన్ని తరాలకు కింగ్‌స్నేక్ పోలిక పైకి దాదాపు మాయమవుతుంది. అటువైపు తిప్పితే కార్న్‌స్నేక్ పోలిక మాయమవుతుంది. అమ్మేవాడు నిజాయితీగా చెప్పినన్నాళ్లూ చిక్కులేదు. పాము రెండు మూడు చేతులు మారి, చీటీ పోయిన తరువాత మొదలవుతుంది.

6. గుర్తింపు ప్రమాణాలు, వాటి హద్దులు

అసాధారణమైన రంగుతో ఒక కింగ్‌స్నేక్ ఎదురైనప్పుడు పరిశీలకుడు రంగును కాసేపు మరచి పొలుసులను చూడాలని శాస్త్రగ్రంథాలు సూచిస్తాయి. కింగ్‌స్నేక్ వీపు పొలుసులు నునుపుగా ఉంటాయి, ఆ మెరుపు అందువల్లనే. మలద్వారాన్ని కప్పే పొలుసు ఒకే పలకగా ఉంటుంది. కార్న్‌స్నేక్‌లో వీపు నడుమ పొలుసులపై సన్నని గట్టు లీలగా కనిపిస్తుంది, మలద్వారపు పొలుసు రెండుగా చీలి ఉంటుంది. గోఫర్‌స్నేక్‌లో గట్టు స్పష్టంగా ఉంటుంది. తల ఆకారం, ముక్కు కొస, నడుము దగ్గర పొలుసుల వరుసల సంఖ్య కూడా లెక్కలోకి వస్తాయి. రంగు ఎంత చిత్రంగా ఉన్నా ఈ లక్షణాలన్నీ కింగ్‌స్నేక్‌వే అయితే అది వర్ణభేదం కావడానికే అవకాశం ఎక్కువ. రంగు మామూలుగానే ఉండి పొలుసులు రెండువైపులా లాగుతుంటే సంకరమని అనుమానించాలి.

అనుమానించడం వరకే. రెండు మూడు తరాలు ఒకేవైపు కలిపిన సంకరంలో పొలుసులు కూడా ఆ వైపే తీర్పు చెప్పవచ్చు. రెండు కింగ్‌స్నేక్ జాతుల మధ్య సంకరమైతే పొలుసుల సాక్ష్యం మొదటినుంచే బలహీనం. జన్యుపరీక్ష చేయిస్తే చాలదా అని అడగవచ్చు. మైటోకాండ్రియా జన్యుపదార్థం తల్లినుంచి మాత్రమే సంక్రమిస్తుంది కనుక ఆ ఒక్కదాన్నే పరీక్షిస్తే తండ్రి ఏ జాతివాడో బయటపడదు. తల్లి కింగ్‌స్నేక్ అయితే సంకరం కూడా కింగ్‌స్నేక్‌గానే తేలుతుంది. కేంద్రకంలోని జన్యువులనూ పోల్చిచూడాలి, పోల్చడానికి ఏ ప్రాంతపు పామో తెలిసిన నమూనాలు కావాలి. అంటే మళ్లీ చీటీ దగ్గరికే వస్తాం.

రెండు మాతృకలను ఎదురుగా పెట్టుకొని ఎత్తి రాసిన లేఖకుడి ప్రతి ఇటువంటిదే. పైకి ఏకరూపంగా, నడక చక్కగా ఉంటుంది. అందులో ఏ పద్యపాఠం ఏ శాఖదో విడదీయడం ఎంత కష్టమో పరిష్కర్తలకు తెలుసు. తప్పులతో నిండిన ప్రతి కన్నా చక్కగా సవరించిన మిశ్రప్రతి పరిష్కర్తను ఎక్కువ మోసం చేస్తుంది. పెంపుడు పాముల విషయంలోనూ వికారమైన రంగు అంత ప్రమాదకరం కాదు, అచ్చంగా జాతిలక్షణాలతో కనిపించే సంకరమే ప్రమాదకరం. వర్ణభేదాలను ఇష్టపడి పెంచేవారిపై నాకు అభ్యంతరం లేదు. తల్లిదండ్రుల వివరం లేకుండా అమ్మడంపైనే అభ్యంతరం.

7. దీవిలో తెల్ల పాములు

ఇదంతా పెంపకందారుల గొడవ, శాస్త్రానికి దీనితో పనేమిటి అనే ప్రశ్నకు అట్లాంటిక్ సముద్రంలోని గ్రాన్ కనేరియా దీవి సమాధానం. స్పెయిన్‌కు చెందిన ఆ దీవిలో సహజంగా పాములు లేవు. అక్కడి బల్లులు, నలికిరులు పాము భయం ఎరగకుండా పరిణామం చెందినవి. 1990ల చివరలో అక్కడ కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌లు బయట కనిపించడం మొదలైంది. వాటిలో కట్లున్నవీ చారలున్నవీ ఉన్నాయి, అల్బినోలూ ఉన్నాయి. ఈ రంగులే అవి ఎక్కడనుంచి వచ్చాయో పట్టిచ్చాయి. అన్ని రూపాలు ఒక్క దీవిలో, అందులోనూ ఎండలో మెరిసే అల్బినోలు అన్నేసి కనిపించడం పెంపకపు పెట్టెలనుంచి తప్పించుకున్నవో వదిలిపెట్టినవో అయితేనే సాధ్యం. పాముల గుర్తింపులో రంగు అంత నమ్మదగిన సాక్ష్యం చెప్పిన సందర్భం నాకు మరొకటి కనిపించలేదు. జాతిని గురించి కాక మనిషి చేతిని గురించి చెప్పిన సాక్ష్యమది.

2015లో వెలువడిన జన్యుపరిశీలన, దీవిలోని వేర్వేరు చోట్ల కనిపించే పాములు ఒకే మూలం నుంచి వ్యాపించినవి కావని, వేర్వేరు సందర్భాల్లో ప్రవేశించినవని తేల్చింది. ఒకరి పొరపాటు కాదు, ఒకరికి మించినవారి పొరపాటు. అల్బినో పాము అడవిలో బతకదని, పగటివెలుగులో గద్దలు దాన్ని వెంటనే పట్టేస్తాయని ఒక సాధారణాభిప్రాయం ఉంది. కాని ఈ పాములు ఎక్కువకాలం నేలలోపల, రాళ్లకింద గడుపుతాయి. అక్కడ రంగుతో పనిలేదు.

గాలోటియా స్టెహ్లీనీ అనే పెద్దబల్లి ప్రపంచం మొత్తంలో ఆ దీవికే చెందినది. పాములు వ్యాపించిన చోట్ల ఆ బల్లుల సంఖ్య 90 శాతానికి పైగా పడిపోయినట్లు 2021లో ప్రచురితమైన అధ్యయనం నమోదు చేసింది. విత్తనాలను మోసి చెట్లను విస్తరింపజేసే పని కూడా ఆ బల్లులదే. 2011 నుంచి 2015 వరకు యూరపు సమాఖ్య సాయంతో పాములను పట్టే పథకం నడిచింది. ఉచ్చులు పెట్టారు, శిక్షణ ఇచ్చిన కుక్కలతో, డేగలతో వెదికారు, వేలకొద్దీ పట్టారు. పట్టుకున్న ప్రతి పాముకూ దొరికిన చోటు, పొడవు, ఒంటిమీది రూపం రాసిపెడుతున్నారు. ఆ వివరాల్లో మళ్లీ అవే రెండు మాటలు, చార అని, కట్లు అని.